పూలిచ్చిన పిల్ల

“పాపకి వినపడదేమోనని భయంగా ఉందండీ.”

ఈ మాట నేను మా ఆయనతో అనలేదు. మా అమ్మతో అనలేదు. పిల్లల డాక్టరుని చెవుల గురించి అడిగాను గానీ, భయమన్న మాట మాత్రం అనలేదు. చివరికి ముక్కూ మొహం తెలియని ఒక పెద్దావిడతో అన్నాను. అదీ బెల్నాప్ ఊళ్ళో, ప్రెసిడెంటు గారి మ్యూజియంలో, ఆడవాళ్ళ మరుగుదొడ్డి బయట బెంచీ మీద కూర్చుని, పాపకు డయపర్ మార్చిన చేతులు తుడుచుకుంటూ.

ఆవిడ నీలం రంగు చేతుల్లేని కోటు వేసుకుని ఉంది. జీతం లేకుండా వచ్చి పనిచేసే ముసలివాళ్ళకు మ్యూజియం వాళ్ళిచ్చే కోటు అది. గుండె మీద బిళ్ళలో ‘వెల్డా’ అని ఉంది.

“ఎందుకలా అనిపించింది?” అంది.

“ఇందాక బడిపిల్లల గుంపు అరుచుకుంటూ పోయింది కదా. ఇది కన్ను కూడా ఆర్పలేదు.”

“ఆ గోలకి నేనూ ఆర్పను. అలవాటైపోయింది. డాక్టరేమన్నాడు?”

“పుట్టినప్పుడు చేసిన పరీక్షలో బాగానే ఉందట. కొందరు పిల్లలు నిదానమట. ఆర్నెల్లాగి చూద్దామన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“థాంక్యూ అన్నాను.”

వెల్డా నవ్వలేదు. ఎప్పుడో తెలిసిన మనిషిని గుర్తుపట్టినట్టు నా మొహంలోకి చూసింది.

“అంటాం. ఈ చుట్టుపక్కల పుట్టినోళ్ళకి ముందొచ్చే మాట అదే,” అంది.

మా ఊరి నుంచి నగరంలోని పిల్లల ఆసుపత్రికి సగం రోజు ప్రయాణం. మా పాప లినియా నెలలు నిండకుండా పుట్టింది కాబట్టి ఊపిరితిత్తులు చూపించడానికి తరచూ వెళ్ళాల్సి వచ్చేది. దారి పొడుగునా గోధుమ చేలు, ధాన్యం గోదాములు, మళ్ళీ గోధుమ చేలు. ఆ మధ్యలో వచ్చేది బెల్నాప్. ప్రెసిడెంటు పుట్టిన ఊరు. అక్కడెవరూ ఆయన పేరు పలకరు. ‘ఆయన’ అంటే చాలు. బౌలింగ్ హాలుకు ఆయన పేరు, బట్టలుతికే దుకాణానికి ఆయన పేరు, కుక్కల ఆసుపత్రికీ ఆయన పేరే. అన్నింటికంటే పెద్దది, ఆయన కాగితాలన్నీ పెట్టెల్లో దాచిన లైబ్రరీ, దాని కింద మ్యూజియం. చంటిపిల్లలతో ప్రయాణం చేసేవాళ్ళకు ఆ రోడ్డు మీద అంత శుభ్రమైన మరుగుదొడ్డి మరొకటి దొరకదు. నేను ఆగింది చరిత్ర కోసం కాదు, అందుకోసమే.

బయటికి వెళ్ళాలంటే ఆయన హయాంలో కట్టిన ఆనకట్ట గురించి చూపే గది దాటాలి. గది మధ్యలో ఒక పెద్ద బల్ల, దాని మీద మొత్తం లోయ బొమ్మ. చెక్కతో చేసిన చిన్న చిన్న ఇళ్ళు, చర్చి, బడి, వాగు మీద వంతెన. అంచున ఎర్ర బటన్. అది నొక్కితే బల్ల కింద నుంచి నీలం దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. వంతెన మునుగుతుంది, బడి మునుగుతుంది, చివరికి చర్చి శిఖరం. “ఆనాటి నుంచి కింది ఊళ్ళకు వరద భయం లేదు” అని ఒక మగ గొంతు చెబుతుంది. తర్వాత దీపాలు ఆరిపోతాయి. పిల్లలు మళ్ళీ నొక్కుతారు.

వెల్డా పని ఆ బల్ల దగ్గరే.

“ఒక్కసారి చాలు నాయనా. ఒకసారి మునిగిన ఊరిని ఎన్నిసార్లు ముంచుతావు?” అంటోంది ఒక పిల్లవాడితో. వాడు మళ్ళీ నొక్కాడు.

గుమ్మంలో మరో నీలం కోటు కనిపించింది. ప్రెసిడెంటు ఆఫీసు గదిని అచ్చుగుద్దినట్టు ఆ పక్కనే మళ్ళీ కట్టారు. ఆ గదికి కాపలా ఉండే మెర్ల్ అనే రైతు అతను. పొలం కొడుక్కి అప్పగించి ఇక్కడ చేరాడు.

“ఈవిడెవరో తెలుసా అమ్మాయీ?” అన్నాడు నాతో. “అదిగో, గోడ మీదున్నదీ ఈవిడే, గోడ ముందున్నదీ ఈవిడే. గోడ మీదున్నదే నయం, నోరు మెదపదు.”

“నీ కుర్చీ చూసుకో మెర్ల్. ఎవడో కుర్రాడు ఎక్కి కూర్చున్నాడు.”

“కూర్చోనీ. ఆయనకంటే నయంగా ఏలతాడేమో,” అంటూనే మెర్ల్ పరుగెత్తాడు.

గోడ మీద ఆ ఫొటో మనిషెత్తున ఉంది. టోపీ చేత్తో పట్టుకుని వంగిన ప్రెసిడెంటు, ఆయనకు గుత్తెడు పూలందిస్తున్న రెండు జడల పిల్ల. పిల్ల నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. కింద అక్షరాలు: ‘కృతజ్ఞతతో. ఆనకట్ట ప్రారంభం రోజున ప్రెసిడెంటుకు పూలిస్తున్న లోయ బాలిక.’

“ఏమంటున్నారు ఆయనతో?” అని అడిగాను, ఆ తెరిచిన నోరు చూసి.

“ఏమీ అనలేదు,” అంది వెల్డా. “అదే కదా వచ్చిన చిక్కు.”

*

మళ్ళీ ఏప్రిల్‌లో వెళ్ళినప్పుడు ఆనకట్ట గదికి తెల్ల పరదా కట్టేశారు. లోపల వడ్రంగుల సుత్తి చప్పుళ్ళు. నన్ను చూడగానే వెల్డా నీలం కోటు వాళ్ళు అన్నం తినే చిన్న గదిలోకి తీసుకెళ్ళింది. ఇంటి నుంచి తెచ్చుకున్న క్యాబేజీ, మాంసం కూరిన బన్ను సగం చేసి నాకిచ్చింది. లినియాను ఒళ్ళోకి తీసుకుని, దాని తల వెనక నుంచి చిటికె వేసింది. అది తిరగలేదు. ఇంకో పక్క వేసింది. తిరగలేదు.

“గది కొత్తగా కడుతున్నారు,” అంది. “ఫొటో కింద రాత మారుస్తారట. నాక్కావలసింది ఒక్క మాట. ‘లిండాల్ సమాధుల తోటలో ఒక బిడ్డ ఇంకా నీళ్ళ కిందే ఉన్నాడు. పేరు ఓరిన్.’ అంతే. అది ఆ గోడ మీద ఉండాలి. నేను చూసి పోవాలి.”

లిండాల్ అంటే ఆ బల్ల మీది బొమ్మలో మునిగే ఊరు. వెల్డా పుట్టిందక్కడే. ఓరిన్ ఆమె తమ్ముడు, నెల కూడా నిండకుండా పోయాడు.

లిండాల్‌లో పసివాళ్ళ మీద రాయి పెట్టేవారు కాదట. అంత చిన్న గుండె మీద అంత బరువెందుకని. రాయికి బదులు పియొనీ మొక్క నాటేవారు. ఒకసారి నాటితే నూరేళ్ళు బతికే మొక్క అది. మే నెలాఖరుకు, సరిగ్గా సమాధులకు పూలు పెట్టే రోజుకు, చంటిబిడ్డ తలంత పూలు పూస్తుంది. ఆ తోటలో ఎక్కడ పియొనీ ఉంటే అక్కడ ఒక బిడ్డ ఉన్నట్టు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఎవరి పెరడు ఎక్కడో ఎవరైనా రాసిపెట్టుకుంటారా?

ఆనకట్ట ఖాయమయ్యాక, వచ్చే ఏడాది సమాధులన్నీ తవ్వి మెట్టకు తరలిస్తామని ఇంజనీర్లు చెప్పారు.

“మా అమ్మకి మొక్కలంటే తెలుసు,” అంది వెల్డా. “పియొనీని కదపాలంటే చలికాలం ముందే కదపాలి. వసంతంలో కదిపితే చస్తుంది. అందుకని ఆ సెప్టెంబరులోనే పార పట్టుకెళ్ళి ఓరిన్ మీది మొక్కని వేళ్ళతో సహా తవ్వి తెచ్చింది. మెట్ట మీద కొత్తింటి పెరట్లో పెట్టింది. పిల్లాణ్ణి తెచ్చాక మళ్ళీ వాడి దగ్గర నాటొచ్చు కదా అని. బాగానే ఆలోచించింది కదా?”

నేను తల ఊపాను.

“ఇంజనీర్ల మనుషులు మార్చిలో వచ్చారు. రాయి ఉన్నచోటల్లా మేకు కొట్టారు. మొక్క ఉన్నచోటల్లా మేకు కొట్టారు, ఊరోళ్ళు దగ్గరుండి చూపించారు. ఓరిన్ దగ్గర రాయీ లేదు, మొక్కా లేదు. ఉత్త గడ్డి. అమ్మ ‘ఇక్కడే’ అంది. తవ్వారు, లేడు. ‘కాదు, ఇక్కడ’ అంది. తవ్వారు, లేడు. ఒకసారి మొక్క తీసేశాక ఆ చోటు ఆ చోటులా ఉండదు కదా. మేస్త్రీ మంచివాడే పాపం. టోపీ తీసి, ‘ఇక్కడేం లేదమ్మా’ అన్నాడు. మర్నాడు పొద్దున్నే వేరే ఊరికి వెళ్ళిపోయారు.”

“అమ్మగారు ఎవరికీ చెప్పలేదా?”

“అడగని ఆఫీసు లేదు. గుర్తు లేనిది సమాధి కాదన్నారు. గుర్తు నేనే తీశానని ఎలా చెబుతుంది? ఆ మాట నోట్లోంచి ఎలా వస్తుంది?”

అప్పుడే ప్రెసిడెంటు వస్తున్నాడని తెలిసింది. ప్రారంభానికి పూలిచ్చే పిల్లగా వెల్డాను బడి టీచరు ఎంచింది. ఆమె తల్లి హల్డాకు అది దేవుడు తెరిచిన తలుపులా కనిపించింది. కొత్తింటి పెరట్లో ఆ ఏడాదే మొక్క పూసింది. పూలు కోసి, చీమలు దులిపి, తడిగుడ్డ చుట్టి, వారం రోజులుగా నేర్పిన మాట మరోసారి అప్పజెప్పించుకుంది. ‘అయ్యా, మా తమ్ముడు ఓరిన్ ఇంకా అక్కడే ఉన్నాడు. నీళ్ళు రాకముందు తీయించండి.’

“వేదికెక్కాను. పూలిచ్చాను. మర్యాద అంటే అదే కదా, ముందు పూలు, తర్వాత మాట. ఆయన వంగి, ‘బంగారు తల్లీ, అటు చూసి నవ్వు’ అన్నాడు. కెమెరాలు మెరిశాయి. నోరు తెరిచాను. అప్పటికే ఒకావిడ నా భుజం పట్టుకుని దింపేస్తోంది. నా చేతుల్లో ఏమీ లేదు. వట్టి చేతుల పిల్లని ఎవరు ఆపుతారు?”

లినియా చెయ్యి ఆమె వేలు పట్టుకుంది.

“దిగగానే అమ్మ అడిగింది, ‘చెప్పావా?’ అని. చెప్పానన్నాను.”

గోడ అవతల సుత్తి చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది.

“నాకు ఏడేళ్ళు. దెబ్బలకి భయపడి కాదు, మా అమ్మ చెయ్యెత్తే మనిషి కాదు. ఆ మొహంలో ఆశ చూసి చెప్పాను. అదైతే ఆరిపోలేదు మరి. ప్రెసిడెంటు జవాబు పంపుతాడని చూసింది. పోస్టు బండి శబ్దమైతే చాలు, చేతులు తుడుచుకుంటూ గేటు దాకా వెళ్ళేది. ఆకురాలు కాలానికల్లా నీళ్ళొచ్చేశాయి. అయినా వెళ్ళేది. తర్వాత అసహ్యం పట్టుకుంది. ‘తెలిసి కూడా ముంచాడు’ అనేది. చచ్చేదాకా ఆయన మొహమున్న స్టాంపు కొనలేదు. ఆయనకసలు తెలియనే తెలియదు అమ్మాయీ. ఆయనది తప్పున్నా లేకున్నా ఈ ఒక్కటి మాత్రం ఆయనకి తెలియదు. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.”

ప్రతి ఏటా పూలు పెట్టే రోజున హల్డా కాఫీ డబ్బాలో పియొనీలు పెట్టుకుని మెట్ట మీది కొత్త సమాధుల తోటకు వెళ్ళేదట. రాళ్ళన్నీ వరసగా బడిపిల్లల్లా నిలబడి ఉండేవి. చుట్టూ ఒకసారి తిరిగి, డబ్బా అలాగే ఇంటికి తెచ్చి, వంటగది కిటికీలో పెట్టేదట. పూలు పెట్టడానికి చోటు లేక.

వెల్డా కప్పు కడుగుతూ, వెనక్కి తిరగకుండా అడిగింది.

“నువ్వు చదివింది చెరువుల అడుగున మట్టి గురించేనన్నావు కదా. ఎప్పుడైనా కరువొచ్చి నీళ్ళు తగ్గితే, ఆ చోటు బయటపడుతుందా?”

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. భూగర్భశాస్త్రంలో అబద్ధాలకు చోటుంటే చెప్పేదాన్నే. “అరవై ఏళ్ళ ఒండ్రు ఉంటుందండీ అక్కడ. వాగు కలిసే చోటైతే ఇంకా ఎక్కువ. నీళ్ళు పోయినా బురద పోదు,” అన్నాను.

“అనుకున్నాను,” అంది. కప్పు బోర్లించింది. “సరే. అందుకే గోడ మీదన్నా ఉండాలి.”

అప్పుడే మ్యూజియం డైరెక్టరు ట్రెంట్ తలుపు తోసుకుని వచ్చాడు. నా ఈడువాడే. కలుపుగోలు మనిషి, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ పేరు ప్రతి వాక్యంలో వాడతాడు.

“వెల్డా, నిన్నే వెతుకుతున్నాను వెల్డా. గది ప్రారంభానికి ఆయన మనవడు వస్తున్నాడు. నువ్వు మళ్ళీ పూలివ్వాలి. అదే భంగిమ, అదే పూలు. ఎంత బాగుంటుందో ఆలోచించు వెల్డా.”

“రాత సంగతేమైంది?”

“మనం మాట్లాడుకున్నాం కదా. నిజానికి నాకూ రాయాలనే ఉంది. కానీ గోడ మీద పెట్టేదానికి ఆధారం కావాలి.”

“ఆధారం మా పెరట్లో ఏటా పూస్తోంది. వచ్చి చూడు.”

ట్రెంట్ నవ్వాడు, పిల్లలు ముద్దొచ్చే మాటన్నప్పుడు పెద్దవాళ్ళు నవ్వినట్టు. “పైవాళ్ళని ఇంకోసారి అడిగి చూస్తాను. మాటిస్తున్నాను. మైకు నీకే ఇస్తాను వెల్డా, నీకేమనిపిస్తే అది మాట్లాడు.”

అతను వెళ్ళాక వెల్డా తలుపు వేసింది.

“మైకిస్తాడట,” అంది. “ఈసారి ముందు మాట, తర్వాతే పూలు. నువ్వూ రా అమ్మాయీ. కేకు కూడా ఉంటుంది.”

*

మే నెలాఖరు శుక్రవారం నాడు మధ్యాహ్నం ఆసుపత్రిలో మాకు సమయమిచ్చారు. ఆ పొద్దున బెల్నాప్‌లో ప్రారంభం. తెల్లవారక ముందే బయల్దేరి వచ్చాను. మ్యూజియం ముందు మడత కుర్చీలు, బడి బ్యాండు, జెండాలు. బల్ల మీద నులక మంచమంత కేకు. దాని మీద ఆనకట్ట, నీలం చక్కెర ముద్దతో చెరువు. పిల్లలంతా చెరువు ముక్కే కావాలని గొడవ.

వెల్డా చర్చి గౌనులో వచ్చింది, దాని మీదే నీలం కోటు. చేతిలో పియొనీలు, కాడలకు తడి కాగితం, దాని మీద వంటింటి వెండి కాగితం. మెర్ల్ కొత్త టై కట్టుకున్నాడు.

“చీమలు దులిపావా వెల్డా? అప్పుడు మీ అమ్మ దులిపినా ఆయన చొక్కా చేతిలోకి దూరాయని మా నాన్న చెప్పేవాడు. ఉపన్యాసం అంతా గోక్కుంటూనే ఇచ్చాడట.”

“ఈసారి దులపలేదు.”

మెర్ల్ పగలబడి నవ్వి, ఆమె మొహం చూసి ఆపేశాడు.

మనవడు ఎత్తుగా, తాత పోలికే. అందరి చేతులూ కలుపుతూ, మా లినియా బుగ్గ కూడా తట్టాడు. చెడ్డవాడిలా లేడు. ఆ రోజు అక్కడ ఎవరూ చెడ్డవాళ్ళలా లేరు. అదే ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

ట్రెంట్ మాట్లాడాడు, బ్యాండు వాయించింది. వెల్డాను పిలిచాడు. ఆమె మైకు ముందుకు వెళ్ళింది. పూలు రెండు చేతులతో పట్టుకుంది, కడవ పట్టుకున్నట్టు. మనవడు చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు.

“అయ్యా, మా తమ్ముడు ఓరిన్ ఇంకా అక్కడే ఉన్నాడు,” అంది. “లిండాల్ సమాధుల తోటలో. వాణ్ణి తీయలేదు. ఈ మాట మీ తాతగారికి చెప్పమని మా అమ్మ పంపింది. నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. వాడి పేరు గోడ మీద రాయించండి.”

కుర్చీలు కిర్రుమనడం కూడా ఆగిపోయింది. ముందు వరసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది. మనవడు చాచిన చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

“మీ కుటుంబం చేసిన త్యాగాన్ని మా తాతగారు ఏనాడూ మరిచిపోలేదమ్మా. చివరి రోజుల్లో కూడా ఈ లోయ ప్రజల గురించే చెప్పేవారు,” అన్నాడు.

చప్పట్లు. అందరూ లేచి నిలబడ్డారు. వెల్డా పెదవులు కదిలాయి. “అది కాదు, రాయిస్తారా అని,” అన్నట్టుంది. చప్పట్లలో వినపడలేదు. ట్రెంట్ ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఫొటోగ్రాఫరు మోకాళ్ళ మీద కూర్చుని, “అమ్మా, పూలు కాస్త ఇటు. ఆ... నవ్వండి,” అన్నాడు.

ఆమె చేతులు ముందుకు వెళ్ళాయి. నేను చూస్తూనే ఉన్నాను. వద్దన్నట్టు మొహం ఉండగానే చేతులు మాత్రం మర్యాదగా వెళ్ళి, పూలు అతని చేతుల్లో పెట్టి, వట్టిగా వెనక్కి వచ్చాయి. కెమెరా మెరిసింది. చప్పట్లు మళ్ళీ ఎక్కువయ్యాయి. బ్యాండు పిల్లలు పెద్ద డోలు కూడా మోగించారు.

లినియా నా భుజం మీద మేలుకునే ఉంది. అంత హోరులో, నా మెడలో గొలుసు నోట్లో పెట్టుకుని, ప్రశాంతంగా చప్పరిస్తోంది.

తర్వాత అందర్నీ లోపలికి తీసుకెళ్ళి ఆనకట్ట గది పరదా తీశారు. కొత్త గోడ. పాత ఫొటో ఒక పక్క. దాని పక్కన అంతే పెద్ద ఖాళీ చట్రం, ఇప్పుడు తీసిన ఫొటో పెట్టడానికి. రెంటి కిందా ఒకే రాత, గోడలో పొదిగిన ఇత్తడి అక్షరాలు: ‘అరవై ఏళ్ళ తర్వాత, అదే కృతజ్ఞత.’

ఇత్తడి అక్షరాలు ఒక పూటలో తయారవవు. ఆమె మైకు పట్టుకోక ముందే ఆమె ఏమన్నదో గోడ మీద చెక్కేశారు.

మెర్ల్ కాగితం పళ్ళెంలో కేకు ముక్క తెచ్చి వెల్డాకు ఇవ్వబోయాడు. చెరువు ముక్కే దొరికిందతనికి. చూసుకుని, నాలుక్కరుచుకుని, ఏం చేయాలో తెలియక తానే తినేశాడు.

*

వెల్డా కార్లు ఆపే చోట నా కారుకు ఆనుకుని నిలబడి ఉంది. నీలం కోటు విప్పి మడిచి చంకలో పెట్టుకుంది. దాన్ని రేపు మెర్ల్ చేత పంపించేస్తానంది.

“మీరు చెప్పారు కదండీ,” అన్నాను. “ముందు మాటే చెప్పారు. అందరూ విన్నారు.”

“విన్నారు. అందుకే చప్పట్లు కొట్టారు.” చేతుల మీద ఇంకా తిరుగుతున్న ఒక చీమను ఊదింది. “నేను తప్పు లెక్క వేశాను అమ్మాయీ. అరవై ఏళ్ళ పాటు, ముందు పూలిచ్చేయడమే తప్పనుకున్నాను. ముందు మాట చెబితే చాలనుకున్నాను. మాట చెప్పడం పెద్ద కష్టం కాదు, మైకు వాళ్ళే ఇస్తారు.”

“పేరు రాయించమని నేనూ ట్రెంట్‌ని అడుగుతాను.”

“అడుగు. థాంక్యూ అంటాడు.” కారు అద్దంలోంచి వెనక సీట్లో ఉన్న లినియాను చూసింది. “దీనికి చప్పట్లు వినపడ్డాయా?”

తల అడ్డంగా ఊపాను. ఏడుపొచ్చింది.

“ఏడవకు. ఇప్పుడెక్కడికి వెళ్తున్నావో అక్కడికి వెళ్ళు. ఆ డాక్టరు ఏం చేస్తాడు చివర్లో?”

“లేచి నిలబడి చెయ్యి చాస్తాడు. నేనూ లేచి చెయ్యి కలుపుతాను.”

“అదీ నీ పూలు,” అంది వెల్డా. “అవి నీ దగ్గరున్నంత సేపే వాళ్ళు నీ ఎదురుగా నిలబడతారు. ఇచ్చేశావా, ఫొటో అయిపోయినట్టే.”

ఆ మధ్యాహ్నం డాక్టరు లినియా ఊపిరితిత్తులు చాలా బాగున్నాయన్నాడు. చెవుల సంగతి చెప్పాను. భయంగా ఉందని చెప్పాను, పొద్దున చప్పట్ల సంగతీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మీ ఆందోళన నాకు అర్థమైంది, తల్లులకు సహజమే, చలికాలం దాకా చూద్దామన్నాడు. లేచి చెయ్యి చాచాడు. నేను కూర్చునే ఉన్నాను. పాపను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసుకుని, కూర్చునే ఉన్నాను. అతని చెయ్యి కాసేపు గాల్లో ఉంది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మా ఇంట్లో ఎవరూ ఏనాడూ చాచిన చేతిని అలా వదిలేయలేదు. చివరికి అతను మళ్ళీ కూర్చున్నాడు, ఫోను తీశాడు.

పరీక్ష ఆ వారంలోనే చేశారు. నేను భయపడిందే నిజమైంది. రెండు చెవులూ. పుట్టినప్పుడు ఉన్న వినికిడి తర్వాత తగ్గిపోయిందట, నెలలు నిండని పిల్లల్లో అలా జరుగుతుందట. చలికాలం దాకా ఆగి ఉంటే ఏం పోయేదో వాళ్ళు చెప్పారు, ఇక్కడ రాయను. ఇప్పుడు లినియా చెవుల వెనక రెండు చిన్న గులాబీ రంగు యంత్రాలున్నాయి. వెనక నుంచి చిటికె వేస్తే తిరుగుతుంది. చప్పట్లంటే భయపడుతుంది.

ఓరిన్ పేరు గోడ మీద లేదు. ట్రెంట్‌కు రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ నా పేరు పెట్టి మరీ థాంక్యూ అన్నాడు. కొత్త ఫొటో పెట్టేశారు. అందులో వెల్డా నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. బెల్నాప్‌లో ఆగినప్పుడల్లా నేనిప్పుడు మ్యూజియానికి కాక, మెట్ట మీది ఆ ఇంటి పెరట్లోకి వెళ్తున్నాను. మొన్న వెళ్ళేసరికి పియొనీలు పూసి ఉన్నాయి, కోయలేదు. వెళ్ళొస్తానని నేను చెయ్యి చాస్తే వెల్డా తన చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఆ రోజు కారు తలుపు వేస్తూ చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది.

“మాట చెప్పడంతో అయిపోదు అమ్మాయీ. జవాబొచ్చే దాకా పూలివ్వకు.”